ఆదివారం తగ్గే తలనొప్పి

మా ఊళ్ళో తెలుగు పిల్లలు కొందరు కలిసి చిన్న పత్రిక లాంటిది నడుపుతున్నారు. రిటైరైనవాళ్ళ చేత ఉద్యోగం కబుర్లు రాయిస్తున్నారట. "ఆంటీ, మీరు కూడా ఏదైనా ఇన్‌స్పైరింగ్‌గా రాయండి" అని ఒకమ్మాయి నా వెంట పడింది. నా మొహం, నా దగ్గర అలాంటివేం లేవమ్మా అన్నాను. వదిలితేనా! సరే, ఉన్నదే రాస్తున్నాను. వేస్తే వేసుకోండి, లేకపోతే లేదు. వేర్‌హౌసుల్లో, యార్డుల్లో షిఫ్టులు చేసుకుంటూ చదువుకునే పిల్లల్లో నలుగురు చదివితే నాకు చాలు.

విశాఖపట్నంలో ఉన్నప్పుడు ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో ఓడల కాగితాలు చూసేదాన్ని. కెనడా వచ్చాక ఇక్కడి అనుభవం లేదని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు. తిరిగి తిరిగి చివరికి వాన్ అనే ఊళ్ళో పాత కార్లు ఎగుమతి చేసే ఒక తెలుగాయన యార్డులో కుదిరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. రిటైరయ్యానో, నన్ను రిటైర్ చేశారో, అది చివర్లో మీరే తేల్చుకోండి.

వ్యాపారం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, విసుక్కోకండి. వేలంలో పాత కార్లు కొనాలి. కొన్నప్పుడు పన్ను కట్టాలి. వాటిని కంటైనర్‌లోకి ఎక్కించి పడమటి ఆఫ్రికా రేవులకు పంపాలి. కారు నిజంగానే దేశం దాటిందని ఓడవాళ్ళిచ్చిన కాగితం చూపిస్తే, కట్టిన పన్ను ప్రభుత్వం తిరిగి ఇచ్చేస్తుంది. మా ఓనర్‌కి మిగిలేది దాదాపు ఆ పన్నే. ఓడ తప్పిపోతే కాగితం రాదు, కాగితం లేకపోతే పన్ను రాదు, పన్ను రాకపోతే తర్వాతి వేలానికి వెళ్ళే దారి లేదు. అందుకని మా యార్డులో దేవుడి తర్వాత ఓడే.

ఓనర్ గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడని రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు. మంచు కురిసే రోజుల్లో ఇంట్లో బిర్యానీ వండించి తనే గిన్నె మోసుకొచ్చి మాకందరికీ వడ్డించేవాడు. సీజన్‌లో మొదటి కంటైనర్ కదిలేముందు గుమ్మడికాయ కొట్టేవాడు. ఇక్కడ గుమ్మడికాయలు రాళ్ళలా ఉంటాయి, ఒక దెబ్బకి పగలవు, అందరం నవ్వేవాళ్ళం. పనివాళ్ళకి ఏ జాగ్రత్తలూ చెప్పవా అని నేను అడిగితే, "రూల్సు బయటివాళ్ళకి మేడం. మనం ఫ్యామిలీ కదా" అనేవాడు. ఆ మాట విని నేను కూడా మెత్తబడిపోయేదాన్ని.

కార్లు ఎక్కించే మనిషి జగిత్యాల వైపు నుంచి వచ్చాడు. నలభై దాటినవాడు, గల్ఫ్‌లో చాలాకాలం మెకానిక్‌గా చేసినవాడు. ఇక్కడ ఆయనది క్లోజ్డ్ పర్మిట్. అంటే మా యార్డులో తప్ప కెనడా మొత్తం మీద ఇంకెక్కడా పని చేయకూడదు. ఓనర్ వద్దనుకుంటే మూటాముల్లే సర్దుకోవాల్సిందే. ఇక్కడే శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కి అప్లై చేసి, ఫైలు కదులుతోందని మురిసిపోతుండేవాడు. పీఆర్ వస్తే భార్యనీ, హైస్కూల్లో ఉన్న కూతుర్నీ తెచ్చుకోవాలి. ఆయన బతుకంతా ఆ ఒక్క ఆశ మీదే నిలబడి ఉంది. భార్య కోసమని సేల్‌లో మందపాటి నీలం కోటొకటి కొని, ట్యాగు కూడా తీయకుండా మా ఆఫీసు ట్రైలర్‌లో మేకుకి తగిలించాడు. "ఇంకా వీసాయే రాలేదు, అప్పుడే కోటా?" అని ఏడిపించేదాన్ని.

"ఆమె దిగినంక కొనుడు కాదక్కా. ఎయిర్‌పోర్టులనే తొడగాలె. చలికి ఆగలేదామె" అనేవాడు.

ఆయన పని ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే మీకు మిగతాది అర్థం కాదు. ఒక కారును కంటైనర్ చివరిదాకా నడపాలి. ఇంకోదాన్ని కర్రలతో కట్టిన మంచె మీదికి, మొదటి కారు నెత్తిన వాలినట్టు ఎక్కించాలి. లోపల కారు తలుపు తెరుచుకునేంత చోటు ఉండదు, కిటికీలోంచి పాక్కుంటూ దిగాలి. తర్వాత చక్రాలకు బెల్టులు బిగించాలి. బిగిస్తున్నప్పుడు కారును కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరపాల్సి వస్తుంది. చలికాలంలో ఆ ముసలి కార్లు ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్టవుతాయన్న నమ్మకం లేదు. మంచె మీద కారు మొరాయించిందంటే దాన్ని బయటికి లాగడానికి రోజంతా పడుతుంది. అందుకని బెల్టులు బిగిసేదాకా ఇంజన్ ఆపేవాళ్ళం కాదు. గాలికి మంచు లోపలికి కొట్టి మంచె జారుతోందని, కంటైనర్ తలుపులు కూడా జానెడు సందు వదిలి దగ్గరికి లాగేసేవాళ్ళం. అందరం అలాగే చేశాం. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

ఆ చలికాలం ఆయనకు తలనొప్పి మొదలైంది.

మొదట జలుబు అనుకున్నాం. అల్లం టీ పెట్టి ఇచ్చాను. నా బ్యాగులో బామ్ సీసా ఉంటే ఇచ్చేశాను, నుదుటికి పూసుకుని తిరిగేవాడు. కళ్ళు తిరుగుతున్నాయంటే పొద్దున సరిగ్గా తినడం లేదని నేనే కోప్పడ్డాను. క్లినిక్‌కి వెళ్తే అక్కడ ఫ్లూ అన్నారు, మాత్రలిచ్చారు. మొహం మాత్రం కాస్త ఎర్రబారి, నిగనిగలాడుతూ ఉండేది. కెనడా నీళ్ళు ఒంటికి పట్టాయని నవ్వుకున్నాం.

అసలు రోగం ఓనర్ అత్తగారు కనిపెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దావిడ, ఒకరోజు యార్డు చూస్తానని వచ్చి ఆయన్ని ఒక్కసారి పైనుంచి కిందికి చూశారు. "నరదిష్టి బాబూ! పీఆర్ వస్తోందని ఊరంతా టముకు వేసుకుని ఉంటావు. ఇంకెవరికీ చెప్పకు" అన్నారు. అందరికీ నచ్చిన మాట అది. ఆయన ఆ రోజు నుంచి పీఆర్ ఊసు ఎత్తడం మానేశాడు. భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. ఇక ఆమె ప్రతి ఆదివారం, అక్కడ దీపాలు పెట్టే వేళకి, అంటే ఇక్కడ మాకు పొద్దున, వీడియో కాల్ చేసి దిష్టి తీసేది. ఫోన్‌ని పీట మీద నిలబెట్టి, గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని ఫోన్ చుట్టూ తిప్పేది. ఈయన ఇక్కడ మంచం మీద బుద్ధిగా కూర్చునేవాడు. తర్వాత ఆమె వాటిని పొయ్యిలో వేసి ఘాటు వచ్చిందో లేదో చెప్పేది. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు.

తమాషా ఏమిటంటే, తలనొప్పి తగ్గేది.

"ఆదివారం ఆమె తీసిందంటే చాలక్కా, కడిగేసినట్టు పోతది. మళ్ళ సోమవారం పొద్దుమూకేసరికి మొదలు" అనేవాడు.

"పోనీలే, ఒక్కరోజన్నా తగ్గుతోంది కదా" అన్నాను. ఆదివారం యార్డుకి సెలవు. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసే బుర్ర మాలో ఒక్కరికీ లేకపోయింది. ఓడల కాగితాల్లో ఒక్క అంకె తేడా వస్తే పట్టుకునేదాన్ని నేను. ఏం చెప్పమంటారు!

ఒక వారం మంచు తుఫాను వచ్చి రోడ్లు మూసేశారు. లారీలు రాలేదు, పని ఆగిపోయింది. సోమవారం పొద్దున్నే కంటైనర్‌ని రేవుకి తీసుకెళ్ళే రైలుకి చేర్చకపోతే ఓడ తప్పిపోతుంది. శనివారం సాయంత్రం ఓనర్ అందరికీ ఫోన్లు చేశాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఘనా ఆయన ఆదివారం చర్చి మానను అని కుండబద్దలు కొట్టాడు, ఆయన పౌరుడు కాబట్టి చెల్లింది. జగిత్యాల ఆయన వస్తానన్నాడు. రానని ఎలా అంటాడు? తెల్లవారకముందే నేను కూడా వెళ్ళాను. కంటైనర్ మూసేముందు ప్రతి కారు ఛాసిస్ నంబరు కాగితంతో సరిచూసి సీలు వేయడం నా పని.

ఫోర్క్‌లిఫ్ట్ ఓనరే నడిపాడు. ఆ రోజు గాలి చెంపలు కోస్తోంది. కింది కార్లు ఎక్కించి, మంచె మీదిది ఎక్కించి, ఆయన్ని బెల్టులు బిగించమని చెప్పి ఓనర్ షెడ్డులోకి వెళ్ళాడు. జగిత్యాల ఆయన ఫోన్ ఆఫీసు ట్రైలర్‌లో, నా బల్ల మీద చార్జింగ్‌లో ఉంది. నేను కాగితాలు చూసుకుంటూ ఉంటే మోగింది. తెరమీద ఆయన భార్య ఫొటో. దిష్టి వేళయిందన్నమాట. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. పని అయ్యాక తనే చేస్తాడులే అనుకున్నాను. మళ్ళీ మోగింది. ఇదెక్కడి మొండి మనిషిరా బాబూ అని విసుక్కుంటూ కోటు వేసుకుని, ఆయన్ని పిలుద్దామని బయటికి వెళ్ళాను.

కంటైనర్ తలుపుల మధ్య జానెడు సందు. లోపల ఇంజన్ మోగుతోంది. "ఏవయ్యా, ఇంటావిడ ఫోను!" అని అరిచాను. పలకలేదు. తలుపు లాగి చూస్తే, ఆయన మంచె మీది కారు కిటికీలోంచి సగం బయటికి, సగం లోపలికి వాలి ఉన్నాడు. చేతిలో బెల్టు అలాగే ఉంది. బుగ్గలు ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఒక్క క్షణం అలసిపోయి కునుకు తీశాడనుకున్నాను. ఆ తర్వాత నేను పెట్టిన కేక నాకే గుర్తు లేదు, షెడ్డులో ఉన్న ఓనర్‌కి వినపడిందట.

ఓనర్ పరిగెత్తుకొచ్చి లోపలికి దూరి ఆయన్ని లాక్కొచ్చాడు. తనకీ కళ్ళు తిరిగి ఇద్దరూ మంచులో పడ్డారు. ఫైర్ వాళ్ళు వచ్చి చిన్న మీటరొకటి కంటైనర్ లోపల పెడితే కీచుమని అరిచింది. కార్బన్ మోనాక్సైడ్ అన్నారు. ఇంజన్ పొగలో ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట ఇంజన్ నడిపితే మనిషిని నిద్రపుచ్చినట్టే పుచ్చి చంపేస్తుంది. అతనికి ఈ మధ్య తలనొప్పులు ఉండేవా అని వాళ్ళలో ఒకతను నన్ను అడిగాడు. ఉండేవి, ఒక్క ఆదివారం తగ్గేవి అని చెబుతుంటేనే నాకు సంగతి అర్థమైంది.

ఓనర్ తల బాదుకుంటూ ఏడ్చాడు. నాటకం కాదు, నేను చూశాను. కానీ మర్నాటికల్లా ఏడుపు ఆగి భయం మొదలైంది. ఆస్పత్రి కారిడార్‌లో నన్ను పక్కకి పిలిచాడు.

"మేడం, రేపు లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తుంది. ఆదివారం మనకి హాలిడే. ఆయన తన సొంత కారేదో రిపేర్ చేసుకోవడానికి వచ్చాడని చెప్పండి చాలు. నేనూ అదే చెబుతున్నా."

"ఎవరు రమ్మన్నారయ్యా ఆయన్ని?" అన్నాను.

"నేనే, కాదంటున్నానా? కానీ నేను పిలిచానంటే లైసెన్స్ పోతుంది. యార్డు మూతబడుతుంది. వేలం నుంచి కార్లు తోలుకొచ్చే ఇద్దరు మనోళ్ళు కూడా మన పర్మిట్ మీదే ఉన్నారు, వాళ్ళూ పోతారు. ఆయన ఫ్యామిలీని నేను చూసుకుంటా మేడం. మీ మీదొట్టు."

"పనిలో లేడని చెబితే ఆయనకి పరిహారం వస్తుందా?"

"నేను చూసుకుంటా అన్నాగా మేడం" అని లిఫ్ట్ వైపు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నేను పడుకోలేదు. సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాను నేను. ఆ ఇద్దరు కుర్రాళ్ళూ నా చేతి టీ తాగినవాళ్ళే. ఓనర్ మాట నిలబెట్టుకుంటాడేమో కూడా, ఎవరు చూడొచ్చారు? కానీ పరిహారం అంటే ఆయన బతికున్నన్నాళ్ళూ నెలనెలా ఇంటికి చేరే తిండి. ఆయన లేచి మళ్ళీ బెల్టు పట్టుకునేలా లేడని డాక్టర్లు అప్పటికే చెప్పేశారు. ఓనర్ ఒట్టు అన్నాళ్ళు నిలబడుతుందా? పోయిన ఓడ కోసం ఒక మనిషిని ఆదివారం పిలిచినవాడు, రాబోయే ఓడ కోసం ఏమైనా మరిచిపోగలడు.

ఇన్‌స్పెక్టర్ చిన్నపిల్ల, నా కూతురి వయసు. ఒక్కటే అడిగింది, ఆదివారం అతన్ని పనికి పిలిచిందెవరని. "మా ఓనర్. నన్ను కూడా ఆయనే పిలిచాడు" అన్నాను. ఓనర్ ఎదురుగానే ఉన్నాడు. తెల్లబోయి చూశాడు. తర్వాత ఈ రోజు వరకూ నాతో మాట్లాడలేదు.

ఓనర్ భయపడ్డట్టే అంతా జరిగింది. బయటి దేశాల నుంచి మనుషుల్ని పెట్టుకునే అనుమతి పోయింది, ఆ ఇద్దరు కుర్రాళ్ళూ వెళ్ళిపోయారు, వేసవి రాకముందే యార్డు మూతబడింది. నా ఉద్యోగమూ దాంతోనే సరి. ఉగాది ఫంక్షన్‌కి వెళ్తే ఒకావిడ నా పక్క కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయింది. మనోళ్ళ కడుపు కొట్టింది అని వెనక నుంచి వినపడింది. కొట్టాను, కాదనను. ఇంకో కడుపు నిండాలంటే నాకు వేరే దారి కనపడలేదు. ఆ కంటైనర్‌ని కొన్నాళ్ళు ఆపి, అంతా చూసి, తర్వాతి ఓడకి వదిలేశారు. కార్లు దేశం దాటాయి. వాటి మీద కట్టిన పన్ను పైసలతో సహా ఓనర్‌కి వెనక్కి వచ్చింది, ఆ కాగితాలు పంపింది కూడా నేనే.

పరిహారం మంజూరైంది. ఆయనకి మాత్రం మెదడు దెబ్బతింది. మనుషుల్ని గుర్తుపడతాడు, పాత సంగతులు చెబుతాడు, పొద్దున జరిగింది మధ్యాహ్నానికి ఉండదు. చెయ్యి వణుకుతుంది. పీఆర్ ఫైలు అక్కడితో ఆగింది. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి భార్యకి విజిటర్ వీసా ఇచ్చారు. ఆమె కెనడా చూడాలని ఆయన అన్నాళ్ళు కలలు కన్నది ఇందుకన్నమాట.

ఎయిర్‌పోర్టుకి నేనే వెళ్ళాను. మేకుకున్న నీలం కోటు తీసుకెళ్ళి తొడిగాను. కొలత చూసి కుట్టించినట్టు సరిపోయింది.

ఆస్పత్రికి వెళ్ళిన మొదటి రోజే, ఆయన నిద్రపోతుంటే, ఆమె కొంగుముడి విప్పి ఉప్పు తీసింది. ఆయన చుట్టూ తిప్పబోయి, చెయ్యి ఆగి, భోరుమంది.

"ఆ ఆదివారం నేను దిష్టి తీయకపోతి అక్కా. ఎన్నిసార్లు జేసినా ఫోన్ ఎత్తలే. గందుకే గిట్ల అయింది."

ఆ భారం ఆమె మీద ఉంచడం నావల్ల కాలేదు. చేతులు పట్టుకుని చెప్పాను. "దిష్టి కాదమ్మా. పొగ. తలుపులు మూసి ఇంజన్ నడిపాం, అందుకు. అసలు నువ్వు అన్నిసార్లు ఫోన్ చేయబట్టే నేను లేచి వెళ్ళాను. నువ్వు చేయకపోతే ఈయన మనకి దక్కేవాడే కాదు."

కళ్ళు తుడుచుకుంది. కాస్త తేరుకున్నట్టే కనిపించింది. ఉప్పు గుప్పిట్లోనే పట్టుకుని, రెండో చేత్తో ఆయన దుప్పటి సర్దింది.

"మరి నేను తీసినప్పుడల్లా తగ్గుతుండె కదా అక్కా?"

"ఆదివారం పని లేదు కదమ్మా. పొగ లేదు, అందుకని తగ్గేది."

"అంటే..." అని ఆగింది. "ఆయన ప్రతి వారం అడుగుతుండె, రేపు పోవాల్నా, ఒంట్లో మంచిగ లేదు, పోవద్దనిపిస్తుంది అని. దిష్టి తీసిన గదా, ఇంక ఏం గాదు, పో అని నేనే అంటుంటి. ప్రతి ఆదివారం నేనే పంపిన గదక్కా పొగలకు."

నిజం చెబితే ఆమె గుండె బరువు దిగుతుందనుకున్నాను నేను. దించింది ఒకటి, ఎత్తి పెట్టింది ఇంకొకటి. "నీకేం తెలుసమ్మా, మాకెవరికీ తెలియదు" అన్నాను. ఆ మాట ఆమెకి వినపడిందో లేదో. లేచి వెళ్ళి ఉప్పు సింకులో పోసి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

పిల్లలూ, మీకు నీతులు చెప్పను. పనిచేసే చోట వచ్చిన తలనొప్పి సెలవు రోజు తగ్గితే ఇంటికి ఫోన్ చేయకండి, ముందు తలుపులు తెరవండి. ఎవరైనా మనం ఫ్యామిలీ అంటే బిర్యానీ తినండి, మీటరు పెట్టారా అని కూడా అడగండి. అంతే.

ఆవిడ అప్పుడప్పుడు జగిత్యాల నుంచి ఫోన్ చేస్తుంది. డబ్బు నెలనెలా అందుతోందట, కూతురు కాలేజీలో చేరిందట. ఆయనకి తలనొప్పి ఇంకా వస్తూనే ఉందట, దెబ్బతిన్న తలకాయ కదా. ఇప్పుడామె దిష్టి తీయదు. ఆయన నుదురు పట్టుకుంటే చాలు, లేచి ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తెరిచేస్తుందట, డిసెంబరు తెల్లవారుజామునైనా సరే. అక్కడ పొగేమీ లేదమ్మా అని ఒకసారి నా నోటిదాకా వచ్చింది, ఊరుకున్నాను. కూతురు చలికి వణుకుతూ గొణిగితే, పెట్టెలోంచి ఆ నీలం కోటు తీసి కప్పుతుందట.